ప్రాణశక్తి నాణెమును కనుగొన్న తెలుగువాడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

రజతోత్సవ సంచికలలో మహనీయుల చరిత్రలు ప్రకటించుట ఆచారము. రాజుల చరిత్రలును, కవుల చరిత్రలును మనము పెక్కు చదివియున్నాము. జీవితమంతయు ప్రయోగశాలలో గడపి, తాము కనుగొన్న వస్తువు యొక్క పూర్తి ప్రయోజనమును చూడకయే కన్నుమూసిన ఒక తెలుగువారి చరిత్రను పాఠక మహాశయులకు నివేదించుచున్నాను.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట కలిమి లేదు. బాల్యమున వారికి చదువుపై మనసు నిలువలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచిరి. తల్లి వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసారులు తప్పి, మూడవసారి నెగ్గిరి.

మదరాసు వైద్యకళాశాలలో చదువు దినములలో గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు ధరించిరి. ఆంగ్లేయుడగు ఆచార్యునకు అది రుచింపలేదు. కడకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడవలసి వచ్చెను. వారి సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణివ్యాధికి స్వల్పకాలములోనే బలియైరి. ఈ దుఃఖము వారిని జీవితాంతము విడువలేదు.

మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతోను అమెరికాకు పోయి, బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసిరి. ఇంట విడిచిన భార్యను మరల చూచుట వారికి ప్రాప్తింపలేదు.

అచట ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తాదులలోని ఫాస్ఫరసును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు విధానమును 1925లో ప్రకటించిరి. ఆ కొలత చేతికి రాగానే కండరములను పరిశోధించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము బయటపడెను. కండరము పనిచేయునపుడు ఇది తరుగును. విశ్రమించినపుడు మరల చేరును. 1929లో ఏ.టి.పి. అని నేడు పిలువబడు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు దొరికెను. ఆ యేడే జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను.

ఏ.టి.పి. విలువ తెలియవలెనన్న శరీరకణముల సంగతి కొంత విన్నవింపవలెను. ప్రతి కణమునకును పలుచని పొర యొకటి గలదు. లోపల పొటాసియము వెలుపలికంటె ఇంచుమించు ముప్పది రెట్లు హెచ్చు. వెలుపల సోడియము లోపలికంటె ఇంచుమించు పదిరెట్లు హెచ్చు. ఈ రెండును ధనవిద్యుత్తు గల కణికలుగా నీటిలో కలిసియుండును. నాడి ఊరకున్న వేళ పొరలోని సన్నని ద్వారములు పొటాసియమునకే హెచ్చుగా దారి నిచ్చును. హెచ్చైన చోటినుండి తక్కువైన చోటికి పోవుట దాని స్వభావము గనుక పొటాసియము కొంత వెలుపలికి జారును. దానితో ధనవిద్యుత్తు పోగా లోపల ఋణవిద్యుత్తు మిగులును. ఆ ఋణమే పొటాసియమును వెనుకకు లాగును. ఈ రెండు బలములును ఇంచుమించు సమమైన చోట నాడీకణపు లోపలి భాగము వెలుపలికంటె సుమారు 70 మిల్లీవోల్టులు ఋణముగా నిలుచును. టార్చిదీపపు బ్యాటరీ బలములో ఇది యిరువదవ వంతు మాత్రమే. అయినను మన చూపు, తలపు, గుండె కొట్టుకొనుట దీని ఆధారముననే సాగుచున్నవి.

అయితే ఈ నిలువ తనంతట నిలుచునది కాదు. సోడియము కొంచెము కొంచెముగా లోనికి ఊరుచునే యుండును. పొటాసియము వెలుపలికి కారుచునే యుండును. పులికాటు సరస్సులో చిల్లుపడిన పడవను తలంపుడు. లోని నీటిని తోడువాడు చేయి ఆపనంతసేపు పడవ కదలక తేలుచున్నట్లే కనబడును, ఆపిన మునుగును. కణపు పొరలోను అట్టి పంపు కలదు. అది మూడు సోడియములను వెలుపలికి నెట్టి, రెండు పొటాసియములను లోనికి తెచ్చును. అట్లు చేసిన ప్రతిసారి ఒక్క ఏ.టి.పి. ఖర్చగును. డెన్మార్కు దేశీయుడగు స్కౌ పీతల నాడులలో దీని జాడను 1957లో ప్రకటించెను. అందులకు 1997లో నోబెలు బహుమానము పొందెను. శరీరములో ఏబదవ వంతు తూగు మెదడు, మనము ఊరకున్నపుడు సైతము దేహశక్తిలో అయిదవ వంతును వాడుకొనును. అందు పెద్దభాగము ఈ తోడిపోతకే. ఊపిరి ఆగిన కొలది నిమిషములలో ఏ.టి.పి. తరిగిపోయి, పంపు నిలిచి, ఆ విద్యుత్తు చల్లారును. విశ్రాంతి యని మనమనుకొనునది ఎడతెగని వ్యయముచే నిలిచియున్నది. ఆ వ్యయమునకు నాణెము సుబ్బారావుగారి చేతికి దొరికినదే.

వారు 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు పోయిరి. వారి నాయకత్వమున 1945లో ఫోలికామ్లము కృత్రిమముగా తయారైనది. తమ్ములను అన్నలను కబళించు స్ప్రూ వ్యాధికి అది మందుగా ఉపకరించెను. మన తీరదేశమున కాళ్లు ఏనుగుకాళ్లవలె వాచు బోదకాలునకు హెట్రజాన్ అను మందును 1947లో వెలువరించిరి. ఫోలికామ్లమునకు విరోధులగు మందులను తయారుచేయించి, రక్తపు కేన్సరు పాలైన శిశువుల చికిత్సకై వైద్యుడగు ఫార్బరునకు అందించిరి. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

1948 ఆగష్టులో, ఏబదిమూడవ యేట, సుబ్బారావుగారు అమెరికాలోనే హఠాత్తుగా దివంగతులైరి. కణపు పంపు సంగతి లోకమునకు తెలియుటకు అప్పటికింకను తొమ్మిదేండ్లు కలదు. 1995లో భారత ప్రభుత్వము వారి శతజయంతికి తపాలాబిళ్ల వెలువరించెను. అయినను వారి పేరు ఎరుగనివారు మనలో పెక్కుమంది కలరు.

పరీక్షలో తప్పినందుకు క్రుంగు విద్యార్థులు ఈ చరిత్రను తప్పక చదువవలెను. ప్రతి సాయంకాలమును తలుపు తెరచి, దీపము వెలిగించి, ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నిలిపిన మన కార్యకర్తలకు మాత్రము ఇందలి మర్మమును వేరుగ చెప్పనక్కరలేదు. ఊరకే నిలిచినట్లు కనబడునది ఎవరి శ్రమచే నిలుచునో వారెరుగుదురు.