అణువు లోపలికి చూసిన గొరగనమూడి స్వామి

మా మోరిస్‌విల్‌లో తెలుగు ఇళ్లకు కొదవ లేదు, సైన్స్ ప్రాజెక్టుల పిచ్చి ఉన్న పిల్లలకూ కొదవ లేదు. ఆ మధ్య తొమ్మిదో తరగతి కుర్రాడొకడు మా ఇంటికి వచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్న యురేనియం రాయిని గరాజ్‌లో నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి పసుపు పొడి తీయవచ్చా అంకుల్ అని అడిగాడు. నేను విశాఖలో న్యూక్లియర్ ఫిజిక్స్ చదివానని వాళ్ల నాన్న చెప్పాడట. వద్దని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. కానీ ఊరికే వద్దంటే ఆ వయసు పిల్లలు మనకు తెలియకుండా చేస్తారు. అందుకే వాడికి ఒక మనిషి జీవితం చెప్పాను. మన పిల్లలకు మేరీ క్యూరీ తెలుసు, ఓపెన్‌హైమర్ తెలుసు. ఈయన మాత్రం తెలియదు. విశాఖలో ఎమ్మెస్సీ చదివిన రోజుల్లో నాకు రోజూ ఎదురైన పేరు ఆయనది: స్వామి జ్ఞానానంద.

అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టారు. తండ్రి రామరాజు గారి ఇంట్లో వేదాలు, ఉపనిషత్తులు, పురాణాల పుస్తకాలు దండిగా ఉండేవి. వాటి మధ్యే పెరిగారు. చిన్న వయసులోనే పెళ్లి చేశారు. కానీ మనసు సంసారం మీద నిలవలేదు. ఇల్లు విడిచి హిమాలయాల దారి పట్టి, దాదాపు పదేళ్లు ధ్యానంలో గడిపారు. అక్కడితో ఆగిపోతే మనకున్న ఎందరో సన్యాసుల్లో ఆయనా ఒకరు అయ్యేవారు.

1920ల చివర్లో మన తత్వశాస్త్రం గురించి చెప్పడానికి జర్మనీ వెళ్లారు. అక్కడ డ్రెస్డెన్‌లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన కంటపడింది. ప్రపంచం దేనితో తయారైందన్న పాత ప్రశ్నను వీళ్లు కొలబద్ద పట్టుకుని అడుగుతున్నారు. అది ఆయన్ను పట్టేసింది. ముప్పై దాటిన వయసులో, పరాయి భాషలో, గణితం, భౌతికశాస్త్రం మొదటి నుంచి నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఉద్యోగాల కోసం ఈ దేశానికి వచ్చి నలభైల్లో కొత్త చదువు మొదలుపెట్టిన మనవాళ్లకు ఆ కష్టం ఎలాంటిదో తెలుసు.

ముందు పాత్ర, తర్వాత పదార్థం

డ్రెస్డెన్ తర్వాత ప్రేగ్ వెళ్లి, చార్లెస్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ డొలేషెక్ దగ్గర ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీలో పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. ఆ డొలేషెక్ తర్వాతి కాలంలో నాజీల చెరలో చిక్కి 1945లో ప్రాణాలు విడిచారు. బలహీనమైన ఎక్స్‌రేలను గాలి మింగేస్తుంది. వాటిని సరిగ్గా కొలవాలంటే పరికరంలోంచి గాలిని దాదాపు పూర్తిగా తోడేయాలి. ఒక్క అతుకు దగ్గర సూది మొనంత సందు ఉన్నా కొలత చెడిపోతుంది. స్వామీజీ ముందు నేర్చుకున్న పని అది: పరికరాన్ని లోపం లేకుండా సిద్ధం చేయడం.

ప్రేగ్ ఉన్నది బొహీమియాలో. యురేనియం కథలో సగం ఆ నేలదే. క్యూరీ దంపతులు 1898లో పొలోనియం, రేడియం కనిపెట్టింది బొహీమియాలోని యాకిమోవ్ గనుల పిచ్‌బ్లెండ్ ఖనిజంతోనే. 19వ శతాబ్దంలో అక్కడి గాజు పనివాళ్లు యురేనియం కలిపి పసుపుపచ్చ గాజు సామాను చేసేవారు. అలాంటి గాజు గిన్నెలు ఇవాళ్టికీ అమెరికాలో పాత వస్తువుల దుకాణాల్లో దొరుకుతాయి. అల్ట్రావయొలెట్ దీపం వేస్తే ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆ గని కార్మికులు మాత్రం ఊపిరితిత్తుల జబ్బుతో రాలిపోయారు. కారణం రేడాన్ వాయువని చాలా కాలానికి గానీ తేలలేదు. మేరీ క్యూరీ 1934లో ఎముక మజ్జ దెబ్బతిన్న జబ్బుతో పోయారు. ఆవిడ నోటు పుస్తకాలను ఈనాటికీ సీసం పెట్టెల్లోనే భద్రపరుస్తున్నారు.

లివర్‌పూల్‌లో బీటా కిరణాలు

ప్రేగ్ నుంచి స్వామీజీ ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ చేరారు. అక్కడి ఆచార్యుడు 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన జేమ్స్ చాడ్విక్. ఆయనదీ చిత్రమైన కథే. 1914లో బెర్లిన్‌లో చదువుతుండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్లు ఆయన్ను ఒక గుర్రప్పందేల మైదానంలో నాలుగేళ్లు బంధించి ఉంచారు. ఆ చెరలో చాడ్విక్ రేకు ముక్కలు, చెక్క ముక్కలతో ఎలక్ట్రోస్కోప్ చేసుకున్నారు. ఆ రోజుల్లో థోరియం కలిపి అమ్మే పళ్ల పేస్టునే రేడియోధార్మిక పదార్థంగా వాడుకుని ప్రయోగాలు చేశారు. ఇది విన్న మన కుర్రాడి కళ్లు మెరిశాయి. అయితే చాడ్విక్ అప్పటికే రూథర్‌ఫర్డ్, గైగర్ దగ్గర పని నేర్చినవాడు. చేతిలో ఉన్నదేమిటో, అది ఎంత ఉందో కొలిచి తెలుసుకోగలడు.

చెరలో పడకముందు ఆయన ఒక విషయం కనిపెట్టారు: బీటా కిరణాలు, అంటే పరమాణు కేంద్రం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు, అన్నీ ఒకే శక్తితో రావు. తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని శక్తులతోనూ వస్తాయి. మిగతా శక్తి ఎటు పోతోందన్న ప్రశ్నే చివరికి న్యూట్రినోకు దారి తీసింది. స్వామీజీ లివర్‌పూల్‌లో ఎంచుకున్నదీ ఈ బీటా కిరణాల కొలతే. దానితోనే అక్కడ పీహెచ్‌డీ పట్టా పొందారు.

ఆ కొలత ఎలా ఉంటుందంటే, ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలోకి పంపుతారు. వేగం తక్కువున్నవి ఎక్కువ వంగుతాయి, ఎక్కువున్నవి తక్కువ వంగుతాయి. ఎక్కడ పడ్డాయో చూసి శక్తి లెక్కకడతారు. దారిలో గాలి ఉంటే అవి చెదిరిపోతాయి కాబట్టి మళ్లీ శూన్యం కావాలి. రేడియోధార్మిక పదార్థాన్ని పలచటి పొరగా పరచాలి. మందంగా ఉంటే అదే తన కిరణాలను ఆపేస్తుంది. అంటే మంచి కొలతకు కావలసింది ఎక్కువ పదార్థం కాదు, అతి కొద్ది పదార్థం, శుభ్రమైన చేయి. ఆ ప్రయోగశాలలో జాగ్రత్త అనేది తలుపు మీద అంటించిన హెచ్చరిక కాదు, పనిలోనే ఒక భాగం.

లివర్‌పూల్ తర్వాత ఆయన అమెరికా వచ్చి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేడియో ఐసోటోపుల మీద పనిచేశారు. మనలో చాలామంది పుట్టకముందే ఆన్ ఆర్బర్ వీధుల్లో నడిచిన తెలుగువాడన్నమాట. 1947లో న్యూయార్క్‌కు చెందిన వాన్ నాస్ట్రాండ్ సంస్థ ఆయన పుస్తకం హై వాక్యువా ప్రచురించింది. శూన్యాన్ని ఎలా సృష్టించాలి, ఎలా కొలవాలి అన్నదే దాని విషయం. రచయిత పేరు స్వామి జ్ఞానానంద అనే ఉంది.

గరాజ్ దగ్గరికి వద్దాం

అదే మిషిగన్ రాష్ట్రంలో 1990ల్లో ఒక టీనేజ్ కుర్రాడు ఇంటి పెరటి షెడ్డులో రియాక్టర్ కట్టాలనుకున్నాడు. పొగ పసిగట్టే అలారాల నుంచి అమెరిసియం, లాంతరు మాంటిళ్ల నుంచి థోరియం, పాత గడియారాల నుంచి రేడియం పోగుచేశాడు. తెలివికి లోటు లేదు, కొలత, పర్యవేక్షణ లేవు. 1995లో ఫెడరల్ అధికారులు వచ్చి ఆ షెడ్డును ముక్కలు చేసి, డ్రమ్ముల్లో నింపి తీసుకెళ్లాల్సి వచ్చింది.

మన కుర్రాడికి రాయి గురించి చెప్పింది ఇదీ. యురేనియం ఆల్ఫా కిరణాలను కాగితం ఆపుతుంది, చర్మం ఆపుతుంది. కానీ దాని పొడి ఊపిరితో లోపలికి పోతే ఆపేది లేదు. రసాయనంగా చూసినా అది కిడ్నీలను దెబ్బతీసే విషం. ఇక ముడిరాయిలో ఒక్క యురేనియమే ఉండదు. కోట్ల ఏళ్లుగా దాని నుంచి పుట్టిన రేడియం, రేడాన్, పొలోనియం అన్నీ ఉంటాయి. అందుకే అంతే బరువు శుద్ధ యురేనియం కంటే ఆ రాయిలోని యురేనియమే ఎక్కువ చురుకు. యాసిడ్‌లో కరిగిస్తే, రాయిలో బందీగా ఉన్నవన్నీ నీళ్లలోకి, ఆవిరిలోకి, బల్ల మీదికి వస్తాయి. పసుపు పొడి తీసుకున్నా మిగిలిన ద్రావణం ఎక్కడ పోస్తాడు? సింకులో పోయకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు.

శుద్ధి చేశాక కూడా కథ ఆగదు. 1900లో విలియం క్రూక్స్ యురేనియం నుంచి చురుకైన భాగాన్ని వేరు చేస్తే, మిగిలిన యురేనియం ఫొటో ప్లేటు మీద మచ్చ వేయడం మానేసింది. కొన్ని నెలలకు ఆ గుణం మళ్లీ వచ్చింది. దాని నుంచి పుట్టే థోరియం 234 అర్ధాయువు 24 రోజులు. నాలుగైదు నెలల్లో బీటా కిరణాలు దాదాపు పూర్తిగా తిరిగొస్తాయి. సీసాలో పెట్టి మూత బిగించినంత మాత్రాన అది ఊరుకోదు.

కాబట్టి రాయిని రాయిగానే ఉంచమన్నాను. పగలగొట్టకుండా, రాయకుండా, మూత ఉన్న డబ్బాలో, పడకగదికి దూరంగా, గాలి ఆడే చోట. ముట్టుకుంటే చేతి తొడుగులు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఆ బల్ల మీద తిండి పెట్టకపోవడం. గైగర్ కౌంటర్ ఉంటే దూరం పెంచుతూ లెక్క ఎలా పడిపోతుందో, ఏ అడ్డం పెడితే ఎంత తగ్గుతుందో గ్రాఫు గీయవచ్చు. పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని డ్రై ఐస్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో క్లౌడ్ చాంబర్ చేస్తే, యురేనియం లేకుండానే కిరణాల జాడలు కంటితో చూడవచ్చు. ఆల్ఫా జాడ పొట్టిగా లావుగా, బీటా జాడ సన్నగా వంకరగా కనిపిస్తుంది. అంతకు మించి రసాయన పనికి దిగాలంటే లైసెన్సు నియమాలు ఉన్నాయి. నార్త్ కరోలినాలో వాటిని రాష్ట్ర రేడియేషన్ రక్షణ విభాగం చూస్తుంది. మాకు కూతవేటు దూరంలో రాలీలో ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీ ఉంది. ప్రపంచంలో ఒక విశ్వవిద్యాలయం తానే కట్టి నడిపిన తొలి రియాక్టర్ నడిచింది అక్కడే, 1953లో. ఆసక్తి ఉన్న పిల్లల్ని గరాజ్‌లోకి కాదు, అలాంటి చోటికి పంపాలి.

విశాఖలో చివరి మజిలీ

స్వతంత్రం వచ్చిన 1947లోనే స్వామీజీ దేశానికి తిరిగొచ్చి, ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి వాసిరెడ్డి శ్రీకృష్ణ గారి పిలుపు మీద విశాఖ వచ్చారు. అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ బోధనను, పరిశోధనను నిలబెట్టి, దాన్ని ప్రత్యేక శాఖగా తీర్చారు. తెలుగు నేల మీద ఒక పల్లెటూరి విద్యార్థి రేడియోధార్మిక పదార్థాన్ని పద్ధతిగా, గురువు ఎదుట, పరికరంతో ముట్టుకునే అవకాశం అలా వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో హైదరాబాద్‌లో అణు ఇంధన సంస్థ వెలిసింది, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని తెరుచుకుంది. వాటికి చదువుకున్న చేతులు కావాలి. ఆ చదువుకు మన దగ్గర పునాది వేసినవాళ్లలో స్వామీజీ ముందువరసలో ఉంటారు.

1969 సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. విశాఖలోని అణు పరిశోధన ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. పదేళ్లు హిమాలయాల్లో కూర్చున్న ఓపికనే ఆయన ప్రయోగశాలలోకీ తెచ్చుకున్నారని నాకనిపిస్తుంది. ఈసారి సెలవులకు విశాఖ వెళ్లేవాళ్లు బీచ్, కైలాసగిరితో పాటు యూనివర్సిటీ వైపూ పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి. గోదావరి పల్లె నుంచి బయల్దేరి ప్రేగ్, లివర్‌పూల్, ఆన్ ఆర్బర్ తిరిగి, నేర్చినదంతా తెచ్చి తన వాళ్ల చేతుల్లో పెట్టిన మనిషి పేరు అక్కడ ఉందని చూపించండి.