మండ్రోలయ్య లెక్క పెట్టించిన బడులు



1827 జులై 6వ తేదీన మన పత్తికొండలో ఒక పెద్దమనిషి కలరా సోకి కన్నుమూశాడు. అప్పటికి ఆయన మద్రాసు గవర్నరు. పదవి దిగి స్వదేశం వెళ్ళిపోయే ముందు, ఒకప్పుడు తాను ఏడేళ్ళు కలెక్టరుగా తిరిగిన ఊళ్ళను కడసారి చూసి రావాలని బయలుదేరి, ఇక్కడే ఆగిపోయాడు. ఆయనే సర్ థామస్ మన్రో. మన ముత్తాతల నోట మండ్రోలయ్య. ఆ పేరు బిడ్డలకు పెట్టుకున్న ఇళ్ళు కూడా సీమలో ఉండేవి. భౌతికకాయాన్ని మొదట గుత్తిలో సమాధి చేసి, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం బావి తవ్వించి చింతతోపు వేయించింది.

మన్రో అనగానే మనలో చాలామందికి రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. ఒకటి, పొలం శిస్తు రైతే నేరుగా సర్కారుకు కట్టే రైత్వారీ పద్ధతి. రెండవది మంత్రాలయం కథ. మఠం భూముల విచారణకు వచ్చిన దొరతో రాఘవేంద్రస్వామి బృందావనంలో నుండి మాట్లాడారని అక్కడివారి విశ్వాసం. మన ఇరుగుపొరుగు వారు భక్తితో చెప్పుకునే మాట గనుక దానిని గౌరవంతో అక్కడే ఉంచుదాం. ఈ వారం నేను మీ ముందు పెట్టదలచినది మూడవ సంగతి. అది ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్ళకు బాగా దగ్గరి విషయం.

మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గో పట్టణంలో పుట్టాడు. తండ్రిది అమెరికాతో పొగాకు వ్యాపారం. కుర్రవాడు విశ్వవిద్యాలయంలో గణితము, రసాయన శాస్త్రము చదివాడు. డాన్ క్విక్సోట్ అనే నవలను మూలభాషలోనే చదవాలని నిఘంటువు పక్కన పెట్టుకొని స్పానిష్ భాష సొంతంగా నేర్చుకున్నాడట. ఇంతలో అమెరికాలో యుద్ధం వచ్చింది. తండ్రి వ్యాపారం కూలిపోయింది. కొడుకు 1780లో కంపెనీ పటాలంలో చేరి మద్రాసులో దిగాడు. ఇల్లు చితికితే చదువుకున్న పిల్లవాడి దారి కూడా ఎలా మారిపోతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర లేదు.

హైదరాలీతోను, టిప్పుతోను జరిగిన యుద్ధాలలో పనిచేసి, బారామహల్లో శిస్తుపని నేర్చుకొని, 1800లో నిజాము కంపెనీకి అప్పగించిన దత్తమండలాలకు వచ్చాడు. గుడారాలలో ఉంటూ ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు. తన శిస్తు ఎక్కువైందని తానే ఒప్పుకొని, 1807లో నాలుగోవంతు తగ్గించమని పైవారికి వ్రాశాడు. అప్పుడు ఎవరూ వినలేదు. 1820లో ఆయన గవర్నరుగా వచ్చిన కాలానికి గాని ఆ తగ్గింపు అమలు కాలేదు. ఈ మధ్యలో 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యమిస్తూ, హిందూదేశంలో ప్రతి ఊరిలోను చదవడం, వ్రాయడం, లెక్కలు నేర్పే బడులున్నాయని చెప్పాడు. తాను ఏడేళ్ళుగా కప్పుకుంటున్న ఇక్కడి శాలువా చెక్కుచెదరలేదని, ఇంగ్లండులో నేసిన నకలు శాలువాను ఊరికే ఇచ్చినా వాడనని కూడా చెప్పాడు.

గవర్నరు అయ్యాక 1822లో, రాజధానిలోని ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు, ఏ కులం వారెందరు, లెక్క కట్టి పంపమని కలెక్టర్లకు ఉత్తరువు ఇచ్చాడు. ఆ రోజులలో ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1953 వరకు అక్కడే ఉన్నాయి. కనుక బళ్ళారి కలెక్టరు 1823 ఆగస్టులో పంపిన జవాబు మన ఊళ్ళ సంగతి కూడా. ఆ కలెక్టరు ఏ.డి. కాంబెల్ సామాన్యుడు కాడు, తెలుగు వ్యాకరణము, తెలుగు నిఘంటువు వ్రాసినవాడు.

ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. తక్కినవి మరాఠీ, తమిళం, పారశీ, సంస్కృతం. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. ఆడపిల్లలు మొత్తం 60 మంది. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవారికి పాఠం చెప్పడం, అంతా వర్ణించాడు. పద్యాలు అర్థం తెలియకుండా వల్లె వేయిస్తారని విసుక్కున్నాడు కూడా. (ఆ విసుగు నేటి బడులకు తగలదని అనలేను.)

అయితే ఆయన చెప్పిన ముఖ్యమైన మాట వేరు. రాజధాని మొత్తం మీద 67 మందికి ఒకరు బడిలో ఉంటే, బళ్ళారిలో 140 మందికి ఒకరే ఉన్నారు. ఒకప్పుడు బడి ఉండిన అనేక ఊళ్ళలో ఇప్పుడు లేదని వ్రాశాడు. కారణం కూడా దాచలేదు. ఇంగ్లండు బట్ట వచ్చి ఇక్కడి నేతవారి బ్రతుకు చితికిపోయింది. పూర్వపు పాలకులు రాబట్టిన సొమ్ము ఇక్కడే ఖర్చయ్యేది, ఇప్పుడు అది బయటికి పోతున్నది. మధ్యతరగతి వారు, పేదవారు అయ్యవారికి రుసుము ఇచ్చుకోలేరు. పైగా పిల్లవాడి చేతులు కాస్త పనికి వంగగానే ఆ చేతుల అవసరం ఇంటికే పడుతున్నది. సొంత కంపెనీ అధికారి, పై అధికారులకు వ్రాసిన మాటలు ఇవి! మగ్గము, బడి వేరువేరు సంగతులు కావని ఆయనకు కళ్ళారా కనబడింది. నేతపని తెలిసిన చేతికి కూలి గిట్టుబాటైనంత కాలం ఆ ఇంటి పిల్లవాడు బడికి పోయాడు. ఆ గిట్టుబాటు పోగానే, పనీ పోయింది, పలకా పోయింది.

మన్రో అన్ని జిల్లాల లెక్కలు చూసి 1826 మార్చిలో తన నిర్ణయం వ్రాశాడు. చదువు తక్కువగా ఉండడానికి జనం పేదరికం ఒక కారణమని ఆయనా ఒప్పుకున్నాడు. తాలూకాకు ఒక బడి చొప్పున 300, జిల్లాకు రెండు చొప్పున 40, వాటి అయ్యవార్లకు సర్కారే జీతం ఇవ్వాలి, తాలూకా అయ్యవారికి నెలకు 9 రూపాయలు, జిల్లా బడి అయ్యవారికి 15. ఖర్చు పెద్దదేమీ కాదు. మరుసటి సంవత్సరమే ఆయన పోయాడు. కొన్ని బడులు తెరిచారు గాని, 1836లో ఆ పథకాన్నే ఎత్తివేశారు.

నా మట్టుకు నేను ఆయనను ఊరికే పొగడలేను. అయ్యవారికి జీతం ఏర్పాటు చేశాడు, మంచిదే. పిల్లవాడి తండ్రికి పని ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు ఆ పథకంలో జవాబు లేదు. ఇంగ్లండు బట్టను ఆపడం గవర్నరు చేతిలో లేదనుకోండి. అయినా కాంబెల్ వేలు పెట్టి చూపిన పుండు అలాగే ఉండిపోయింది. దానికి కొంత మందు నూరుపైగా ఏళ్ళ తరువాత దొరికింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారి పూనికతో 1938లో చేనేత సహకార సంఘం వెలిసింది. మగ్గం మీద కూర్చున్నవాడికి నూలు, అమ్మకము, ఆదాయము ఒకచోట కుదిరినప్పుడు ఆ వీధుల పిల్లలకు బడి కూడా అందింది. నేడు మగ్గాల చప్పుడు తగ్గింది, అది మీకు తెలిసినదే.

సుగ్గి సంగతి మీకు నేను చెప్పాలా? వానలు చాలని ఏడు, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ళకు ఊళ్ళే మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు తరలిపోతాయి. ఇంట్లో ముసలివారు మిగులుతారు. హాజరు పట్టీలో సున్నాలు మిగులుతాయి. నెలలు గడిచి తిరిగి వచ్చిన పిల్లవాడు తన తరగతిలో వెనుక బెంచీ వెతుక్కుంటాడు, కొందరు అదీ వెతుక్కోరు. 1823లో కాంబెల్ వ్రాసిన లేత చేతులు ఇవే. పోవద్దని మీతో అనే ధైర్యం నాకు లేదు. అప్పు తీర్చేది నేను కాదు.

కాని ఒకటి అడుగుతాను. ఈసారి మూటలు కట్టే ముందు ఆదివారం పూజ అయ్యాక ఒక్క నిమిషం ఆగి, మీ విచారణ గురువుకు పిల్లల పేర్లు, తరగతులు చెప్పండి. వలస పోయేవారి పిల్లల కోసం సర్కారు నడిపే సీజనల్ హాస్టలు మీ ఊరి బడిలో తెరిచారా అని హెడ్మాస్టరును అడగండి. తెరవకపోతే పదిమంది తల్లిదండ్రులు కలిసి అర్జీ వ్రాసి మండల విద్యాధికారికి ఇవ్వండి. అర్జీ వ్రాయడం రానివారు నా దగ్గరికి రండి, సాయంత్రం ఆరు తరువాత ఇంట్లోనే ఉంటాను.