సీజర్ మిల్‌స్టైన్: కవల ప్రోటీన్లను విడదీసి చూపే యాంటీబాడీ ఇచ్చాడు.. పేటెంట్ మాత్రం చేజారింది!

ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్‌పై గీత పడినా, కోవిడ్ ర్యాపిడ్ కిట్‌లో రెండో గీత కనిపించినా.. దాని వెనక పనిచేసేది మోనోక్లోనల్ యాంటీబాడీనే. ల్యాబుల్లో హీట్ షాక్ ప్రోటీన్లను గుర్తించడానికి కూడా ఎక్కువగా దీన్నే వాడతారు. ఈ టెక్నిక్‌ని ప్రపంచానికి ఇచ్చిన ఇద్దరిలో పెద్దాయన సీజర్ మిల్‌స్టైన్. ఇంతకీ ఎవరీయన?

1927 అక్టోబర్ 8న అర్జెంటీనాలోని బాహియా బ్లాంకాలో పుట్టారు. యూదు కుటుంబం. తండ్రి ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన మనిషి, తల్లి టీచర్. ముగ్గురు అన్నదమ్ముల్లో ఈయన రెండోవారు. పాముల విషం తీసి విరుగుడు మందు ఎలా చేస్తారో ఓ బంధువు చెప్పిన కబుర్లు విన్నప్పుడే సైన్స్ మీద మోజు పుట్టిందట. 1953లో సీలియాను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ దారిలో లిఫ్ట్ అడుగుతూ ఏడాది పాటు యూరప్ చుట్టొచ్చారు! బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక పీహెచ్‌డీ, 1960లో కేంబ్రిడ్జ్‌లో రెండోది.

1961లో సొంత దేశానికి తిరిగొచ్చి, బ్యూనస్ ఎయిర్స్‌లోని జాతీయ మైక్రోబయాలజీ సంస్థలో ఓ విభాగానికి అధిపతి అయ్యారు. ఏడాది తిరక్కుండానే సైనిక కుట్ర. సంస్థలో తొలగింపులు మొదలయ్యాయి, ఆయన తోటివాళ్ల ఉద్యోగాలూ పోయాయి. మిల్‌స్టైన్ రాజీనామా చేసి 1963లో మళ్లీ కేంబ్రిడ్జ్ చేరారు. అక్కడ ఫ్రెడరిక్ సాంగర్ సలహాతో యాంటీబాడీల వైపు మళ్లారు.

సరిగ్గా ఆ 1962లోనే ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచ్చియో రిటోసా ఓ వింత బయటపెట్టారు. పండ్ల ఈగ లార్వాలకు వేడి తగిలితే క్రోమోజోముల్లో కొన్నిచోట్ల కొత్తగా ఉబ్బులు వస్తున్నాయి. అంటే అక్కడి జన్యువులు పని మొదలుపెట్టాయన్నమాట. ఆ జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు 1974లో బయటపడ్డాయి. అవే హీట్ షాక్ ప్రోటీన్లు. వేడికి ఆకారం చెడిన ఇతర ప్రోటీన్లను ఇవి సరిదిద్దుతాయి.

అదే 1974లో జార్జ్ కోలర్ అనే జర్మన్ కుర్రాడు మిల్‌స్టైన్ దగ్గరికి వచ్చారు. సమస్య ఏంటంటే.. యాంటీబాడీ తయారుచేసే తెల్లకణం ఒంట్లోంచి బయటికి తీస్తే కొద్దిరోజుల్లోనే చచ్చిపోతుంది. కేన్సర్ కణమేమో చావదు. ఎలుక నుంచి తీసిన ఈ రెండింటినీ కలిపేస్తే? కలిపారు! గొర్రె ఎర్ర రక్తకణాలపై పరీక్ష పెట్టారు. ఫలితం చూడ్డానికి కోలర్ రాత్రిపూట భార్యను కూడా వెంటబెట్టుకుని ల్యాబ్‌కి వెళ్లారు, ఏమీ రాకపోతే విసుగు పుట్టకుండా తోడు ఉంటుందని! తీరా చూస్తే ప్లేటు నిండా తెల్లటి వలయాలు. అంటే కలిసిన కణాలు కావాల్సిన యాంటీబాడీనే వదులుతున్నాయి. 1975 ఆగస్టులో ఈ వివరాలు నేచర్ పత్రికలో వచ్చాయి.

హీట్ షాక్ పరిశోధనకు ఇది ఎందుకంత అవసరం? మన కణాల్లో వేడి తగిలితే బాగా పెరిగే హెచ్‌ఎస్‌పీ 70 అనే ప్రోటీన్ ఉంది. దాని కవలలాంటి హెచ్‌ఎస్‌సీ 70 మాత్రం వేడి ఉన్నా లేకున్నా ఎప్పుడూ ఉంటుంది. రెండూ బరువులోనూ ఇంచుమించు ఒకటే. పరిశోధకులు కొన్ని కణాలను 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు, మరికొన్నింటిని 42, 43 డిగ్రీల దాకా వేడిచేస్తారు. తర్వాత వాటిలోని ప్రోటీన్లను జెల్‌పై విడదీసి, పలుచని పొరపైకి ఎక్కించి, యాంటీబాడీ వేస్తారు. జంతువు రక్తం నుంచి నేరుగా తీసిన మామూలు సీరంలో రకరకాల యాంటీబాడీలు కలిసి ఉంటాయి కదా, అవి కవలలిద్దరినీ పట్టుకునే ప్రమాదం ఉంది. అప్పుడు వేడి తగలని కణాల్లోనూ గీత పడుతుంది, లెక్క మొత్తం తప్పుతుంది. మోనోక్లోనల్‌లో ఉండేది ఒకే రకం యాంటీబాడీ. అది ప్రోటీన్‌లోని ఒకే చిన్న చోటును పట్టుకుంటుంది. ఆ చోటు హెచ్‌ఎస్‌పీ 70లో మాత్రమే ఉండేలా ఎంచుకుంటే కవల తప్పుకుంటుంది. అయితే ఇందులోనూ మెలిక ఉంది. పొరపై బాగా పనిచేసిన యాంటీబాడీ, మడత విప్పని ప్రోటీన్‌ని గుర్తించకపోవచ్చు. అందుకే ప్రతి ప్రయోగానికీ విడిగా పరీక్షించుకోవాల్సిందే.

నిజానికి మిల్‌స్టైన్ హీట్ షాక్ ప్రోటీన్లపై పనిచేసిన మనిషి కాదు. కానీ అడిగిన ల్యాబులకు తన కణాలు పంపారు.

మరి పేటెంట్? ప్రచురణకు ముందే విషయం ప్రభుత్వ సంస్థ దాకా వెళ్లింది. వెంటనే పనికొచ్చేదేమీ కనిపించడం లేదని వాళ్లు పట్టించుకోలేదు. ఆ తర్వాత మిల్‌స్టైన్ పంపిన కణాలతోనే అమెరికాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు కేన్సర్, వైరస్‌లపై యాంటీబాడీలు చేసి పేటెంట్లు తెచ్చుకున్నారు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలా! థాచర్ హయాంలో బ్రిటన్‌లో దీనిపై పెద్ద గొడవే జరిగింది.

1984లో మిల్‌స్టైన్, కోలర్, నీల్స్ జెర్నేలకు నోబెల్ వచ్చింది. కోలర్ 1995లో 48 ఏళ్లకే కన్నుమూశారు. అదే ఏడాది రిటైరైన మిల్‌స్టైన్ మాత్రం ల్యాబ్‌కి రావడం మానలేదు. 2002 మార్చి 24న, 74 ఏళ్ల వయసులో కేంబ్రిడ్జ్‌లోనే తుదిశ్వాస విడిచారు.