వర్తకుల ఫీజు, కూలీల న్యాయం: నేటాల్‌లో గాంధీ వకాలతు

లండన్‌లో బారిస్టర్ చదివి వచ్చిన మోహన్‌దాస్ గాంధీకి బొంబాయిలో వకాలతు నడవలేదు. రాజ్‌కోట్ చేరి అర్జీలు రాసిపెడుతూ కాలం గడుపుతున్నారు. అప్పుడు పోర్‌బందర్‌కు చెందిన ఒక మేమన్ వర్తక కంపెనీ నుంచి కబురొచ్చింది. దక్షిణాఫ్రికాలో దాదా అబ్దుల్లా కంపెనీ వేసిన దావా ఒకటి నడుస్తోంది. 40 వేల పౌన్ల వ్యవహారం. అక్కడి వకీళ్లకు సాయంగా ఏడాది పనిచేయాలి. రానుపోను ఖర్చులు కాక 105 పౌన్లు ఇస్తారు. గాంధీ సరేనన్నారు. 1893 మే నెలలో డర్బన్ రేవులో దిగేనాటికి ఆయనకు 23 ఏళ్లు.

ఆ దావాలో ఎదుటి పక్షం ప్రిటోరియాలోని తయ్యబ్ హాజీ ఖాన్ ముహమ్మద్. అబ్దుల్లా సేఠ్‌కు బంధువే. కాగితాలన్నీ చదివాక, కేసు సేఠ్ వైపే బలంగా ఉందని గాంధీకి తెలిసింది. కానీ ఇది ఇలాగే సాగితే వకీళ్ల ఫీజులకే రెండు ఇళ్లూ గుల్లవుతాయని కూడా అర్థమైంది. ఇద్దరికీ నచ్చజెప్పి మధ్యవర్తి ముందు కూర్చోబెట్టారు. సేఠ్ గెలిచారు. అయితే 37 వేల పౌన్లు, ఖర్చులు ఒక్కసారిగా కట్టాలంటే తయ్యబ్ సేఠ్ దివాలా తీయాల్సిందే. ఆ సొమ్మును వాయిదాల మీద తీసుకునేందుకు సేఠ్‌ను ఒప్పించడం గాంధీకి రాజీ కుదర్చడం కన్నా కష్టమైంది. చివరికి ఇద్దరి పరువూ నిలిచింది.

పని అయిపోయింది కనుక 1894లో గాంధీ తిరుగు ప్రయాణానికి సిద్ధపడ్డారు. సేఠ్ వీడ్కోలు విందు ఇచ్చారు. అక్కడ చూసిన పత్రికలో ఒక చిన్న వార్త కనబడింది. భారతీయుల ఓటు హక్కు తీసేయడానికి నేటాల్ శాసనసభలో బిల్లు వచ్చిందట. విందుకొచ్చిన వర్తకులంతా ఆయన్ని ఆగిపొమ్మన్నారు. అప్పటికప్పుడు తంతులు వెళ్లాయి, అర్జీలు తయారయ్యాయి. లండన్‌లోని వలసల మంత్రి లార్డ్ రిపన్‌కు పంపే మహజరు మీద రెండు వారాల్లో 10 వేల సంతకాలు పడ్డాయి.

మరి ఉండిపోయే మనిషికి తిండి ఎలా? వర్తకులు జీతం ఇస్తామన్నారు. గాంధీ ఒప్పుకోలేదు. జనం పని చేసినందుకు జనం దగ్గర డబ్బు తీసుకుంటే, వాళ్లకు నచ్చని మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నోరు పెగలదని ఆయన భయం. దానికి వేరే దారి వెతికారు. దాదాపు 20 మంది వర్తకులు ఏడాది పాటు తమ కోర్టు పనులు ఆయనకే ఇస్తామని ముందుగానే ఫీజు కట్టారు. అబ్దుల్లా సేఠ్ వీడ్కోలు కానుకగా ఇవ్వాలనుకున్న సొమ్ముతో ఇంటికి కావాల్సిన సామాను కొనిచ్చారు. వర్తకుల కేసులతో ఇల్లు గడిచేది. సమాజం పని ఉచితంగా జరిగేది.

కోర్టులో చేరడం కూడా సులువు కాలేదు. తెల్లవాళ్ల వకీళ్ల సంఘం అడ్డుపడింది. చట్టంలో తెలుపు, నలుపు తేడా లేదని సుప్రీంకోర్టు ఆ అభ్యంతరాన్ని కొట్టేసి, 1894 సెప్టెంబర్‌లో ఆయన్ని వకీలుగా నమోదు చేసింది.

అంతకుముందే ఆగస్టు 22న నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఏర్పడింది. నెలకు కనీసం 5 షిల్లింగులు చందా. వసూలు కోసం గాంధీ, వర్తకులు ఊరూరా తిరిగారు. టొంగాట్‌లో ఆతిథ్యమిచ్చిన వ్యాపారి 6 పౌన్లు ఇవ్వాల్సిన చోట 3 మాత్రమే ఇస్తానన్నాడు. ఆ రాత్రి వచ్చినవాళ్లెవరూ అన్నం ముట్టలేదు. తెల్లారేదాకా అలాగే కూర్చున్నారు. చివరికి ఆయన 6 పౌన్లూ ఇచ్చి, అందరికీ భోజనం పెట్టాడు.

కానీ నెలకు 5 షిల్లింగులు కట్టగలిగేది ఎవరు? దుకాణదారులు, గుమాస్తాలు. చెరకు తోటల్లో గిర్మిట్ కింద పనిచేసే కూలీలు ఈ సంఘానికి బయటే ఉండిపోయారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి వచ్చిన ఆ కూలీల్లో తమిళులతో పాటు గోదావరి, విశాఖ జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు.

వకాలతు మొదలై మూడు నాలుగు నెలలైనా కాకముందే బాలసుందరం అనే తమిళ కూలీ ఆయన దగ్గరికొచ్చాడు. బట్టలు చిరిగాయి, ముందు పళ్లు రెండు విరిగాయి, నోట్లోంచి రక్తం. యజమాని కొట్టాడు. తలపాగా తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు, ఎందుకంటే తెల్లదొరల ముందు కూలీలు అలాగే నిలబడాలి. గాంధీ ముందు ఆ తలపాగా కట్టుకోమన్నారు. తర్వాత డాక్టర్ దగ్గర గాయాల సర్టిఫికెట్ తీసుకుని, నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరికి తీసుకెళ్లారు. యజమానిని జైలుకు పంపాలన్నది ఆయన ఉద్దేశం కాదు. గిర్మిట్ వదిలి వెళ్లిపోతే కూలీకే జైలు. కనుక గిర్మిట్‌ను వేరే యజమానికి మార్పించారు. ఈ కబురు తోటలన్నిటికీ పాకింది. ఆ తర్వాత కూలీలు ఆయన ఆఫీసుకు వరస కట్టారు.

1895లో నేటాల్ సర్కారు గిర్మిట్ ముగిసిన కూలీల మీద ఏటా 3 పౌన్ల తలపన్ను వేసింది. భార్యకు, 16 దాటిన కొడుక్కు, 13 దాటిన కూతురికి కూడా వేరువేరుగా కట్టాలి. నెలకు 14 షిల్లింగులు కూడా రాని ఇంట్లో నలుగురుంటే ఏడాదికి 12 పౌన్లు. అంటే ఏడాది సంపాదనంతా పోసినా పన్నుకే చాలదు.

1903లో గాంధీ జోహన్నెస్‌బర్గ్‌లో ఆఫీసు పెట్టారు. అక్కడ భారతీయులుండే బస్తీని మున్సిపాలిటీ స్వాధీనం చేసుకుంది. పరిహారం కోసం బీహార్, దక్షిణ భారతం నుంచి వచ్చిన పేదలు ఆయన్నే వకీలుగా పెట్టుకున్నారు. గెలిచినా ఓడినా ఒక్కో లీజుకు 10 పౌన్లు, గెలిస్తే కోర్టు ఇప్పించే ఖర్చులు. అంతే ఫీజు. దాదాపు 70 కేసుల్లో ఓడింది ఒక్కటే. ఆ రాబడిలో సగం పేదలకు ఆస్పత్రి లాంటిదేదైనా కట్టడానికని ఆయన అనుకున్నారు. కానీ 1,600 పౌన్ల దాకా ఇండియన్ ఒపీనియన్ పత్రికను నిలబెట్టడానికే ఖర్చయ్యాయి. కక్షిదారులు ఆయన్ని సాబ్ అనేవాళ్లు కాదు, భాయ్ అనేవాళ్లు. ఆ పిలుపు మొదలుపెట్టింది అబ్దుల్లా సేఠే.

ఈ కథలో ఒక వెలితి ఉంది. ఆ వకాలతు భారతీయుల కోసమే సాగింది. అదే నేల మీద ఇంకా ఘోరమైన చట్టాల కింద నలిగిన ఆఫ్రికన్లకు అందులో చోటు దొరకలేదు.

3 పౌన్ల పన్ను ఒక్క కోర్టు వల్ల పోలేదు. 1913లో గనులు, తోటల కూలీలు వేల సంఖ్యలో పని ఆపేసి జైళ్లు నింపారు. 1914లో ఆ పన్ను రద్దయింది. అదే ఏడాది జూలైలో గాంధీ దక్షిణాఫ్రికా వదిలారు. ఏడాది పనికని వచ్చిన వకీలు 21 ఏళ్లు నిలిచారంటే, అందుకు తొలి ఆసరా ముందుగా ఫీజు కట్టిన ఆ 20 మంది వర్తకులే.