భాగ్యరెడ్డి వర్మ: మన పేరు మనమే పెట్టుకుందాం, మన మాట మనమే చెప్పుకుందాం



చల్లపల్లి నుంచి ఘంటసాల వెళ్ళేవాళ్ళకి అక్కడి పాత బౌద్ధ స్తూపం తెలుసు. విజయవాడ వెళ్ళేవాళ్ళకి దుర్గమ్మ కొండ తెలుసు. కానీ 1917లో అదే విజయవాడలో మూడు రోజులు జరిగిన ఒక సభ సంగతి మనలో చాలామందికి తెలీదు. ఆ సభకి అధ్యక్షుడిగా కూర్చున్న మనిషి గురించి ఈసారి చెప్పుకుందాం.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. చిన్నతనంలోనే ఇల్లు గడవక ఒక బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. అక్కడే చదువు మీద, లోకజ్ఞానం మీద ఆసక్తి పెరిగింది. కుటుంబ గురువు ఆయన్ని భాగ్యరెడ్డి అని పిలిచారు. రెడ్డి అంటే ఏలినవాడనీ, ఈ నేలని మొదట ఏలింది మనవాళ్ళేననీ ఆయన ఉద్దేశం. వర్మ బిరుదు ఆర్యసమాజం వాళ్ళు ఇచ్చారు. 1906లో ఆయన జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా వాడల్లో మాట్లాడటం మొదలుపెట్టారు. తాగుడు మానమన్నారు, ఆడపిల్లల్ని దేవుడి పేరుతో జోగినులుగా వదిలేయొద్దన్నారు, పిల్లల్ని బడికి పంపమన్నారు. హైదరాబాద్‌లో బుద్ధ జయంతిని మొదట్లో జరిపించినవాళ్ళలో ఆయన ఒకరు.

1917 నవంబర్‌లో బెజవాడలో పంచముల మహాసభ ఏర్పాటైంది. దాన్ని ముందుండి నడిపించినవారు గూడూరు రామచంద్రరావు గారు. అధ్యక్షత భాగ్యరెడ్డి వర్మకి ఇచ్చారు. వీళ్ళంతా కలిసి గుళ్ళోకి వచ్చేస్తారేమోనన్న భయంతో కొండ మీద దుర్గ గుడి మూసేశారట. అధ్యక్షుడు మాత్రం గుడి గురించి కాకుండా ముందు పేరు గురించి అడిగారు. వర్ణాలు నాలుగే అయితే ఈ ఐదోవాళ్ళెవరు, ఆ పేరు మనకెవరు పెట్టారు అని. ఈ నేల మొదటి మనుషులం కాబట్టి ఆది ఆంధ్రులమన్నారు. సభ ఒప్పుకుంది, సభ పేరే మారిపోయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరుని అంగీకరించింది.

ఆ సభ ఇంకోటి కూడా కోరింది. శాసనసభలోనూ స్థానిక బోర్డుల్లోనూ మునిసిపాలిటీల్లోనూ మావాడు ఒకడుండాలి అని. ఇది ఎందుకంత పెద్ద కోరికో ఆలోచించండి. ఆ రోజుల్లో ఓటు ఆస్తిని బట్టీ కట్టే పన్నుని బట్టీ ఉండేది. చల్లపల్లి జమీందారీలో భూమున్నవాడి పొలం దున్నే కూలికి ఓటు లేదు. బావి గురించి, బడి గురించి నిర్ణయం చేసేచోట అతని తరఫున మాట్లాడే మనిషే లేడు.

నైజాం రాజ్యంలో అయితే మామూలు జనానికి ఎన్నికల దారి దాదాపు లేదు. అక్కడ అర్జీలే దారి. భాగ్యరెడ్డి వర్మ అధికారుల చుట్టూ తిరిగారు, పత్రిక నడిపారు, 20కి పైగా బడులు నడిపించారు. 1931 జనాభా లెక్కల్లో మనవాళ్ళని ఆది హిందువులుగా రాయించారు. లెక్కలో లేనివాడికి వాటా రాదని ఆయనకి బాగా తెలుసు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల కాలంలో అంటరానివారి తరఫున మాట్లాడే హక్కు బాబాసాహెబ్ అంబేద్కర్‌దేనని ఆయన నిలబడ్డారు.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఆది హిందూ ఉద్యమంలో మాలల మాటే ఎక్కువగా చెల్లుతోందని మాదిగలు అనుకున్నారు. హైదరాబాద్‌లో అరుంధతీయుల సభ వేరుగా ఏర్పడింది. పైవాళ్ళని మనం అడిగిన ప్రశ్నే మన పక్కవాళ్ళు మనల్ని అడిగారు. దాన్ని దాచిపెడితే ధమ్మం కాదు.

1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం జరిగింది. మద్రాసు రాష్ట్రానికి 30 రిజర్వుడు సీట్లు వచ్చాయి. అయితే ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. సీటు మనది, గెలిపించేది అందరి ఓట్లు. దాంతో టికెట్ ఇచ్చే పార్టీకి బలం పెరిగింది. గెలిచినవాడు వాడకి జవాబు చెప్పాలా, పార్టీకా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. మన పక్కనున్న పామర్రు ఇవాళ రిజర్వుడు నియోజకవర్గం. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

భాగ్యరెడ్డి వర్మ 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఆస్తి లేని కూలీలు కూడా వరుసలో నిలబడి ఓటేసిన 1952 ఎన్నికల్ని ఆయన చూడలేదు.

బుద్ధుడి సంఘంలో అభిప్రాయభేదం వస్తే పుల్లలు పంచి ఓటు తీసుకునేవారు. ఆ పుల్లలు పంచే భిక్షువుని ఊరికే ఎంచేవారు కాదు. ఇష్టానికి, ద్వేషానికి, భయానికి, మోహానికి లొంగనివాడై ఉండాలి. ఎవరు పుల్ల తీసుకున్నారో, ఎవరు తీసుకోలేదో తెలిసినవాడై ఉండాలి. ఈ కొలత మనకి రెండు విధాల పనికొస్తుంది. ఓటేసేముందు మనల్ని మనం కొలుచుకోవాలి: నోటు మీద ఆశతో వేస్తున్నానా, పక్క కులం మీద కోపంతోనా, ఆసామికి భయపడా, ఏమీ తెలియకా? గెలిచాక మన ప్రతినిధిని కూడా అదే కొలతతో కొలవాలి. మన సంఘంలో ఇంకా మాట దక్కనివాళ్ళు ఎవరున్నారో అతనికి తెలుసా అని అడగాలి.

బెజవాడ సభలో ఆ పెద్దాయన మొదలుపెట్టిన పని ఇదే. మన వాడలో జరిగే తర్వాతి సమావేశంలో, ఇంతవరకూ ఒక్కసారీ మాట్లాడనివాళ్ళకి ముందు మాట ఇద్దాం. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

భవతు సబ్బ మంగళం.