ట్రియెస్టెలో ట్యూషన్ మాస్టారు

జేమ్స్ జాయిస్ అనగానే ‘యులిసీస్’ గుర్తొస్తుంది. దాంతోపాటు దాన్ని ఇరవయ్యో పేజీలో వదిలేసినవాళ్ళు కూడా గుర్తొస్తారు. ఇక్కడ చెప్పబోయేది ఆ నవల గురించి కాదు. అది రాసేలోపు ఆయన పొట్ట పోసుకున్న పని గురించి. జాయిస్ ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళకి ఇంగ్లీష్ నేర్పి బతికాడు.

1882లో డబ్లిన్‌లో పుట్టాడు. ఒకప్పుడు బాగా బతికిన కుటుంబమే, తండ్రి చేతుల్లో ఆస్తి అంతా కరిగిపోయింది. 1904 అక్టోబర్‌లో నోరా బార్నకల్‌తో కలిసి, పెళ్ళి కాకుండానే ఊరొదిలేశాడు. జ్యూరిక్ బెర్లిట్జ్ స్కూల్లో ఉద్యోగం ఉందనుకుని వెళ్తే అక్కడ ఖాళీ లేదన్నారు. చివరికి పోలా అనే రేవు పట్టణంలో ఆస్ట్రియా-హంగరీ నేవీ ఆఫీసర్లకి పాఠాలు చెప్పే పని దొరికింది. 1905లో ట్రియెస్టెకి మారాడు. ఇప్పుడది ఇటలీలో ఉంది, అప్పుడు కాదు.

బెర్లిట్జ్ పద్ధతిలో మొదటి రోజు నుంచీ టీచర్ ఇంగ్లీష్‌లోనే మాట్లాడాలి, అనువాదం చెయ్యకూడదు. జాయిస్‌కి ఇటాలియన్ బాగా వచ్చు, అయినా క్లాసులో వాడకూడదు! జీతం చాలేది కాదు. తమ్ముడు స్టానిస్లాస్ కూడా వచ్చి అదే స్కూల్లో చేరాడు, అన్న అప్పుల భారం చాలావరకు ఆయన మీదే పడింది. (నా ఉద్దేశంలో ఈ కథలో అందరికన్నా అన్యాయమైపోయింది ఈ తమ్ముడే.) మధ్యలో కొన్ని నెలలు రోమ్‌లో బ్యాంకు గుమాస్తాగా చేసి, 1907లో తిరిగొచ్చి ఇళ్ళకి వెళ్ళి ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టాడు.

అలా దొరికిన స్టూడెంటే ఎట్టోరె ష్మిట్జ్. మాస్టారు కన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. అత్తవారిది ఓడల అడుగుకి వేసే పెయింట్ వ్యాపారం. లండన్ దగ్గర కూడా ఫ్యాక్టరీ పెట్టారు కాబట్టి ఇంగ్లీష్ కావాల్సొచ్చింది. భార్య లివియా కూడా పాఠాలకి కూర్చునేది. పాఠం కాస్తా సాహిత్యం కబుర్లయిపోయేది. ఒకరోజు జాయిస్ తన కథ ‘ది డెడ్’ వాళ్ళకి చదివి వినిపించాడు. అప్పుడు ష్మిట్జ్ మొహమాటపడుతూ, ఇటాలో స్వేవో అనే పేరుతో ఎప్పుడో వేసుకున్న రెండు నవలలు తెచ్చిచ్చాడు. వాటిని ఎవరూ పట్టించుకోలేదు, ఆయన నవలలు వెయ్యడమే మానేశాడు. జాయిస్ చదివి, ఇవి గొప్ప పుస్తకాలని తేల్చి చెప్పేశాడు.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. జాయిస్ తన సొంత నవల మూడు అధ్యాయాలు రాసి ఆపేశాడు. వాటిని ష్మిట్జ్‌కి చదవమని ఇచ్చాడు. 1909 ఫిబ్రవరిలో ఆ స్టూడెంట్ ఇంగ్లీష్‌లోనే ఉత్తరం రాసి, బాగున్నవీ బాలేనివీ విడమర్చి చెప్పాడు. మాస్టారికి మళ్ళీ రాయాలనిపించింది. ఆ నవలే ‘ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ ఆజ్ ఎ యంగ్ మ్యాన్’.

యుద్ధం వల్ల 1915లో జాయిస్ కుటుంబం జ్యూరిక్ చేరింది. 1922లో ‘యులిసీస్’ వచ్చింది. అందులోని బ్లూమ్ పాత్రలో ష్మిట్జ్ పోలికలు చాలానే ఉన్నాయంటారు. మరుసటి ఏడు ష్మిట్జ్ పాతికేళ్ళ తర్వాత కొత్త నవల ‘జీనో’ వేశాడు. మళ్ళీ అదే నిశ్శబ్దం. పారిస్‌లో ఉన్న పాత మాస్టారికి పంపితే, ఆయన ఫ్రెంచ్ విమర్శకుల చేత చదివించాడు. అరవై దాటాక ష్మిట్జ్‌కి పేరొచ్చింది. రెండు మూడేళ్ళకే, 1928లో, కారు ప్రమాదంలో పోయాడు. లివియా పేరు, ఆమె పొడవాటి జుట్టు జాయిస్ ఆఖరి నవలలో నదిగా మారాయి.

జాయిస్ 1941 జనవరిలో చనిపోయాడు. మొదట ఉద్యోగం లేదన్న ఆ జ్యూరిక్‌లోనే.