గాలిని లెక్కకట్టని ఇంజనీరు

2024 ఏప్రిల్ 22 రాత్రి వీచిన ఈదురుగాలులకు ఓడేడు వద్ద మానేరుపై కడుతున్న వంతెన గడ్డర్లు కూలిపోయాయి. ముత్తారం మండలంలోని ఈ గ్రామం పూర్వపు కరీంనగర్ జిల్లాలోనిది. అదృష్టవశాత్తూ ప్రాణనష్టం జరగలేదు. గాలికి వంతెన కూలుతుందా అని ఆశ్చర్యపోయిన వారందరూ సర్ థామస్ బౌచ్ జీవితాన్ని తెలుసుకోవలసి ఉంది.

బౌచ్ 1822లో ఇంగ్లండులోని థర్స్‌బీ గ్రామంలో ఓడ కెప్టెన్ ఇంట జన్మించారు. 1850లో స్కాట్లండులో రైలు పెట్టెలను ఓడపై ఎక్కించి సముద్రపు పాయ దాటించే ఏర్పాటు చేసి పేరు గడించారు. తక్కువ ఖర్చులో రైలుమార్గాలు వేయగలరన్న ఖ్యాతి కూడా ఆయనకు దక్కింది.

డండీ పట్టణం వద్ద టే నదిపై సుమారు రెండు మైళ్ల పొడవున ఆయన రైలు వంతెన కట్టించారు. 1878 ఫిబ్రవరిలో ప్రభుత్వ తనిఖీ అధికారి బరువైన ఇంజన్లను వరుసగా నడిపి చూశారు. వంతెన ఆ బరువును మోసింది. పెనుగాలి వీచేటప్పుడు రైలు నడిపి చూడాలన్న కోరికను కూడా ఆ అధికారి తన నివేదికలో తెలిపారు. ఆ పరీక్ష మాత్రం జరగలేదు. 1878 జూన్ 1న రాకపోకలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది విక్టోరియా రాణి బౌచ్‌కు సర్ బిరుదు ప్రసాదించారు.

వంతెనపై రైళ్లు గంటకు 25 మైళ్ల హద్దు మీరి పోతున్నాయని కొందరు ప్రయాణికులు స్టేషన్ అధికారులకు మొరపెట్టుకున్నారు. స్తంభాలను బిగించే ఇనుప కడ్డీలు వదులై చప్పుడు చేస్తుండడం వంతెన చూసుకునే ఉద్యోగి గమనించి ఇనుప ముక్కలతో బిగించాడు. కానీ ఆ సంగతి బౌచ్‌కు చెప్పలేదు.

1879 డిసెంబరు 28 రాత్రి తుపాను గాలిలో రైలు వంతెన మధ్యకు చేరగానే అక్కడి ఎత్తయిన గడ్డర్లు రైలుతో సహా నదిలో కూలాయి. సుమారు 75 మంది మరణించారు. రైలులోని ఒక్కరూ బతకలేదు.

పోత ఇనుము లోపాలు, నాసి పని, సంరక్షణ లోపం విచారణలో బయటపడ్డాయి. గాలి వత్తిడికి ప్రత్యేకంగా లెక్క కట్టలేదని తేలింది. ప్రధాన బాధ్యత బౌచ్‌దేనని నిర్ణయించారు. ఫోర్త్‌పై ఆయన తలపెట్టిన మరో పెద్ద వంతెన పని ఆగిపోయింది. 1880 అక్టోబరు 30న, 58వ ఏట ఆయన కన్నుమూశారు.

ఆ తరువాత బ్రిటన్‌లో చదరపు అడుగుకు 56 పౌండ్ల, అంటే సుమారు 25 కిలోల గాలి వత్తిడికి తట్టుకునేలా రైలు వంతెనలు కట్టాలని నియమం వచ్చింది. 1887లో పక్కనే కట్టిన కొత్త వంతెనపై నేటికీ రైళ్లు నడుస్తున్నాయి. పాత స్తంభాల మొదళ్లు నీటిలో ఇంకా కనిపిస్తాయి.

వంతెన బరువు మోస్తే చాలదు, పక్కనుంచి కొట్టే గాలికీ ఆగాలి. ఒడ్డున చెట్లు గాలిని ఆపుతాయి, నది నడుమ ఆ అడ్డు ఉండదు. కనుక గాలిదుమారం లేచినప్పుడు మోటారు సైకిలు గాని, గడ్డి బండి గాని వంతెన ఎక్కించక ఇవతలే ఆపుకోవడం మేలు. వంతెనపై వదులైన అతుకు, కొత్త పగులు, తెలియని ఊపు కనిపిస్తే అధికారులకు వెంటనే చెప్పాలి. టే వంతెన వద్ద చూసినవారు లేకపోలేదు. చెప్పవలసిన చోటికి ఆ మాట చేరలేదు.